గీత దాకా నీళ్ళు

మా ఇంటికి కమోడ్ వచ్చిన రోజు నుంచి నాకు చేతినిండా పని దొరికింది. రిటైరయ్యాక రెండేళ్ళపాటు కూరగాయలు తేవడం తప్ప ఇంట్లో నాకు ఏ బాధ్యతా లేకుండా పోయింది. గ్యాసు బండ సంగతి మా ఆవిడ చూసుకునేది, పూలమొక్కలు ఆమే చూసుకునేది, నన్ను కూడా ఆమే చూసుకునేది. నేను పొద్దున పేపరు చదివి, సాయంత్రం అదే పేపరు మడత పెట్టేవాణ్ణి.

కమోడ్ తెచ్చింది ఆమె మోకాలి కోసం. కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది, కీలు మార్చాల్సిందేనని ప్రొద్దుటూరు డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ తర్వాత కింద కూర్చోకూడదు, బరువులు ఎత్తకూడదు, మెట్లు అవసరమైతేనే ఎక్కి దిగాలి అని కూడా చెప్పాడు. కత్తి పేరు చెబితేనే భయపడే మనిషి ఆపరేషన్‌కు ఒప్పుకున్నది ఒకే ఒక్క కారణానికి. కూరగాయల మార్కెట్టుకు తన కాళ్ళ మీద తాను నడిచిపోవాలని ఆమె కోరిక. మోకాలు పట్టేసిన మూడేళ్ళ నుంచీ కూరగాయలు నేనే తెస్తున్నాను. నేను తెచ్చిన వంకాయల్ని ఆమె ఒక్కొక్కటే చేతిలో తిప్పి చూసి, ఏమీ అనకుండా సగం పక్కన పెట్టేది. ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు కొలువు చేసిన మనిషికి అంతకంటే పెద్ద మెమో ఏ ఆఫీసరూ ఇవ్వలేదు.

ఆమె నా మేనమామ కూతురు. గౌను వేసుకునే వయసు నుంచి నన్ను బావా అని పిలుస్తోంది, పెళ్ళయ్యాక కూడా ఆ పిలుపు మారలేదు. పిలుపు మారలేదు కాబట్టి నేనంటే ఆమెకు భయం కూడా కొత్తగా ఏమీ పుట్టలేదు.

మాకు పెరట్లో ఒక పాత లెట్రిన్ ఉంది. గొంతుకూర్చుని పోయేది. పక్కన ఒక తొట్టి, అందులో ఒక చెంబు. నేను ఎప్పుడూ అక్కడికే పోతాను. కొత్తదాన్ని పడకగది పక్కనున్న సామాన్ల గది ఖాళీ చేసి కట్టించాము. అది ఆమెకు. దాని మీద కూర్చోవలసిన అవసరం నాకు రాలేదు గానీ, దాన్ని పరిపాలించే హక్కు మాత్రం నాదేనని అనుకున్నాను.

దాన్ని బిగించినవాడు మా వీధి చివర ఉండే ప్లంబరు. పదకొండేళ్ళు కువైట్‌లో ఇదే పని చేసి తిరిగొచ్చినవాడు. వీధంతా అతన్ని భాయ్ అంటుంది. పని అయ్యాక, కమోడ్ వెనక గోడకు బిగించిన తెల్లటి ట్యాంకు మీట నొక్కి చూపించాడు. భళ్ళున ఒక చప్పుడు వచ్చింది. నాకు గుండె జారినంత పనైంది. మూత తీయించి లోపలికి తొంగిచూస్తే ట్యాంకు అడుగు కనిపిస్తోంది. ఒక్క నొక్కుకు అన్ని నీళ్ళూ పోయాయి.

మా వీధికి కుళాయి దినం మార్చి దినం వస్తుంది. వచ్చినప్పుడు కూడా గంటసేపు వస్తే గొప్ప. ఆ గంటలో ఇంట్లో ఉన్న ప్రతి గిన్నెకూ నీళ్ళు పట్టి పెట్టడం ఇక్కడ పుట్టినవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోతాయి, బట్టలు జాడించిన నీళ్ళు వాకిట్లో చల్లడానికి పోతాయి. చుట్టం తాగి వదిలేసిన సగం గ్లాసు నీళ్ళు కూడా మల్లెచెట్టుకు పోవలసిందే. అలాంటి ఇంట్లో, మంచి నీళ్ళను భళ్ళున ఎందుకు పోగొట్టుకోవాలో నాకు అర్థం కాలేదు.

"ఇన్ని నీళ్ళెందుకు భాయ్?" అని అడిగాను.

"దానికి అన్ని కావాల సార్. తక్కువైతే ఊపు రాదు" అన్నాడు భాయ్. తర్వాత నాకు లోపలి సరంజామా అంతా చూపించాడు. నీళ్ళు నిండేకొద్దీ పైకి తేలే ప్లాస్టిక్ డబ్బా ఒకటుంది. దాన్ని ఫ్లోటు అంటారు. అది ఒక ఎత్తుకు చేరగానే నీళ్ళు ఆగిపోతాయి. దాని పక్కన ఒక స్క్రూ ఉంది. అటు తిప్పితే ఫ్లోటు పైకి, ఇటు తిప్పితే కిందికి. పైనైతే ఎక్కువ నీళ్ళు, కిందైతే తక్కువ. "దీన్ని మాత్రం ముట్టుకోకండి సార్" అని చెప్పి పోయాడు. నాకు ముట్టుకోవడానికి ఏముందో అతనే చూపించి పోయాడన్నమాట.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. నేను జమ్మలమడుగు వైపు కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. కాలువ తూము దగ్గర ఒక రాయి ఉండేది. దాని మీద నలుపూ తెలుపూ గీతలు, అడుగులు, అంగుళాలు. దాన్ని గేజి అంటాము. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు ఏ గీత దాకా ఉన్నాయో చూసి పుస్తకంలో రాయడం నా పని. ఇంజనీర్లు మారారు, మంత్రులు మారారు, ఆ గీతలు మారలేదు. నీళ్ళ మట్టం చూడటంలో నా అంతవాడు ఆ సెక్షనులో లేడని పేరు. ఆ పేరు పెట్టింది కూడా ఎక్కువగా నేనే.

ఒకసారి పెద్దముడియం అవతల నుంచి ఒక రైతు వచ్చాడు. కాలువకు చిట్టచివర, నీళ్ళు అందరి చేలూ తడిపి మిగిలితే వచ్చే చోట అతని పొలం. చివరి ఆయకట్టు అంటారు. "నీళ్ళు రావడంలేదప్పా, చేను ఎండిపోతాండాది. మా ఆడోళ్ళు బిందెల్తో మోసి పోస్తాండారు" అన్నాడు. నేను అతన్ని కాలువ గట్టుకు తీసుకుపోయి గేజి చూపించాను. "ఇదో, మూడడుగులు ఉండాయి. రావడంలేదంటావేంది?" అన్నాను. అతను ఆ రాయి వంక కాసేపు చూశాడు. "అట్లయితే ఆ గీతనే మా చేన్లోకి పంపించప్పా, దాంతోనే తడుపుకుంటాం" అన్నాడు.

ఆ మాట నాకు బాగా నచ్చింది. ఇరవై ఏళ్ళపాటు ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ దాన్ని జోకుగా చెప్పాను. అందరూ నవ్వేవాళ్ళు. మా ఆవిడ మాత్రం టీ గ్లాసులు పెట్టేసి లోపలికి పోయేది. విన్నదే ఎన్నిసార్లు వింటుందిలే అనుకునేవాణ్ణి. ఆ రైతు చేనుకు నీళ్ళు పోయాయో లేదో మాత్రం నాకు తెలియదు. గేజి మీద అది కనపడదు కదా.

సరే, ట్యాంకు సంగతికి వస్తాను. మా ఆవిడ ఆపరేషనయి ఇంటికి వచ్చింది. నెల తిరిగేసరికి కర్ర లేకుండా నడవసాగింది. వాకిలి దాకా, వీధి మలుపు దాకా, మలుపు దాటి పాల బూతు దాకా. ఇంకో రెండు నెలల్లో మార్కెట్టు అని డాక్టరు మాట ఇచ్చాడు. ఆమె చేసంచి ఉతికి ఆరేసి సిద్ధంగా పెట్టుకుంది. అంతా బాగుంది కాబట్టి నేను ట్యాంకు మూత తీశాను.

ముందు లోపలి గోడ మీద నల్ల మార్కరుతో గీతలు గీశాను. అడుగు నుంచి పైదాకా, అంగుళానికి ఒకటి, అరంగుళానికి చిన్నది. చూడటానికి అచ్చం గేజిలాగే వచ్చింది. నీళ్ళు తొమ్మిదో గీత దగ్గర ఉన్నాయి. స్క్రూ తిప్పి ఎనిమిదికి తెచ్చాను. వారం చూశాను. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. ఏడుకు తెచ్చాను. ఇంకో వారం చూసి ఆరు. అది చాలదన్నట్టు ఒక లీటరు సీసాలో ఇసుక నింపి, మూత బిగించి, ట్యాంకులో ఒక మూల నిలబెట్టాను. సీసా ఎంత చోటు ఆక్రమిస్తే అన్ని నీళ్ళు మిగులుతాయి. ఈ ఉపాయం నాకు నిద్ర లేవగానే తట్టింది. ఆ రోజంతా నా మీద నాకే గౌరవం కలిగింది.

కమోడ్ ఉన్న గదిలోనే ఒక కుళాయి ఉండేది. అది చుక్క చుక్క కారుతోందని దానికి పోయే వాల్వును కూడా కట్టేశాను. వాషరు తెచ్చి వేస్తే సరిపోయేది. కానీ కట్టేయడం తేలిక, పైగా పూర్తి ఆదా.

సాయంత్రం కాలేజీ గ్రౌండులో మా రిటైరైన వాళ్ళ బెంచి ఒకటి ఉంది. అక్కడ ఈ సంగతంతా చెప్పాను. నీళ్ళ విలువ తెలిసిన ప్రాంతం కదా, అందరూ తలలు ఊపారు. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు ఉత్సాహపడి ఇంటికి పోయి తానూ స్క్రూ తిప్పాడు. పది రోజుల తర్వాత ఆయన మా బెంచి మానేసి అవతలి బెంచి మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. పిలిస్తే చెయ్యి ఊపేవాడు గానీ రాలేదు. ఏదో రాజకీయం మీద అలిగాడనుకున్నాను.

మా ఆవిడ చెప్పలేదని కాదు. మొదటిసారి చెప్పినప్పుడు ఏడో గీత మీద ఉన్నాము. "బావా, నీళ్ళు సాలడంలే" అంది. నేను మూత తీసి చూపించాను. "ఇదో చూడు, గీత దాకా ఉండాయి. నువ్వు మీట సరిగ్గా నొక్కడంలే. అదిమి పట్టుకోవాల" అన్నాను. ఎలా అదమాలో బొటనవేలితో చేసి కూడా చూపించాను. రెండోసారి చెప్పినప్పుడు ఓపిక ఉండాలన్నాను, మళ్ళీ నిండేదాకా ఆగి ఇంకోసారి నొక్కమన్నాను. మూడోసారి చెప్పినప్పుడు కాలువ చరిత్ర మొత్తం చెప్పాను. నాలుగోసారి ఆమె చెప్పలేదు. సమస్య తీరిపోయిందని నేను సంతోషించి ఐదో గీతకు దించాను.

పులివెందుల నుంచి మా అమ్మాయి వచ్చింది. బడిలో పాఠాలు చెబుతుంది, తండ్రికి చెప్పడానికి కూడా వెనకాడదు. రెండో రోజు పొద్దున్నే నా దగ్గరికి వచ్చి, "నాన్నా, ఆ ట్యాంకుకు ఏదో రోగం ఉండాది. మూడుసార్లు నొక్కినా పోవడంలే" అంది.

"పట్నం అలవాట్లమ్మా మీవి. మీకు నీళ్ళంటే లెక్కలేదు" అన్నాను.

"పులివెందుల ఎప్పుడు పట్నమయింది నాన్నా?" అంది.

అంతలో మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "పోనీలేమ్మా, నేను చూసుకుంటాలే" అని కూతుర్ని పక్కకు తీసుకుపోయింది. ఏం చూసుకుంటుందో నేను అడగలేదు. నా మాట నెగ్గింది కదా, అది చాలు నాకు.

అమ్మాయి వెళ్ళిపోయిన పది రోజులకు మా ఆవిడ మోకాలు వాచింది. మొదట సాయంత్రాలు వాచేది, తర్వాత పొద్దున లేచేసరికే వాపు ఉండేది. పాల బూతు దాకా పోయే మనిషి మళ్ళీ వీధి మలుపుకు, మలుపు నుంచి వాకిలికి వచ్చేసింది. కర్ర మళ్ళీ మూలలోంచి బయటికి వచ్చింది. డాక్టరు దగ్గరికి పోయాము. ఆయన మోకాలు నొక్కి చూసి, ముఖం చిట్లించి, "బరువులేమన్నా ఎత్తుతాండావామ్మా?" అని అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోపలే నేను చెప్పాను. "అబ్బే, నేను చెంబు కూడా ఎత్తనీను సార్. కుళాయి వచ్చినపుడు డ్రమ్ము నింపేది నేనే. ఇంట్లో నీళ్ళ పనంతా నాదే."

ఆమె డాక్టరు వెనక గోడ మీద వేలాడుతున్న ఎముకల బొమ్మ వంక చూస్తూ కూర్చుంది.

"మరి మెట్లేమన్నా ఎక్కి దిగుతాండావా?"

"దానికేం అవసరం సార్? అన్నీ చేతికి అందేట్లు పెట్టినా" అన్నాను మళ్ళీ నేనే.

డాక్టరు నన్ను కాకుండా ఆమెను చూసి చెప్పాడు. "ఏదో చేస్తాండావమ్మా, చేయకుండా ఇంత వాపు రాదు. ఇట్లనే ఉంటే పెట్టిన కీలు వదులవుతాది. మల్లా కోయాల్సొస్తాది. మార్కెట్టు సంగతి పక్కన పెట్టు, వాకిట్లోకి కూడా పోలేవు."

ఆటోలో ఇంటికి వస్తూ నేను దారి పొడుగునా ఆమెకు మోకాలి వ్యాయామాల గురించి చెప్పాను. ఇంటికి వచ్చాక ఆమె ఉతికి పెట్టుకున్న చేసంచిని మడిచి బీరువాలో పెట్టేసింది. అది చూస్తే నాకు నిజంగా బాధ కలిగింది. ఇంత జాగ్రత్తగా చూసుకుంటున్నా ఈ మనిషికి ఇలా ఎందుకవుతోందని బాధపడ్డాను.

తర్వాతి వారం జమ్మలమడుగులో పాత సహోద్యోగి ఇంట్లో గృహప్రవేశం. వాన పడి వెలిసింది. బస్టాండులో బస్సు దిగబోతుంటే మెట్టు కింద గుంత, గుంత నిండా నీళ్ళు. నేను పైనుంచి చూసి లోతు జానెడు ఉంటుందని అంచనా వేసి కాలు పెట్టాను. మూరెడు ఉంది, చీలమండ మడతపడింది. ముప్పై ఏళ్ళకు పైగా నీళ్ళ మట్టం చూసినవాణ్ణి ఆ మధ్యాహ్నం ఇద్దరు మోసి ఆటోలో కూర్చోబెట్టారు. కట్టు కట్టిన డాక్టరు మూడు వారాలు కాలు నేల మీద మోపవద్దన్నాడు. గొంతుకూర్చునే మాట అసలే లేదు.

అలా మరుసటి రోజు పొద్దున, నా ఇంట్లో నేను కట్టించిన, నేను పరిపాలిస్తున్న కమోడ్ మీద మొట్టమొదటిసారి కూర్చున్నాను.

కూర్చోవడం బాగానే జరిగింది. అయ్యాక వెనక్కి తిరిగి మీట నొక్కాను. కమోడ్ గిన్నెలో నీళ్ళు కదిలాయి. ఒక సుడి తిరిగింది. మధ్య దాకా పోయి ఆలోచనలో పడినట్టు ఆగి, మెల్లగా సర్దుకుని నిలబడ్డాయి. ఎక్కడివక్కడే ఉన్నాయి. మీట సరిగ్గా అదమలేదేమో అనుకున్నాను. ట్యాంకు నిండేదాకా ఒంటికాలి మీద గోడ పట్టుకుని నిలబడి, బొటనవేలితో అదిమి పట్టుకుని నొక్కాను. అదే సుడి, అదే సర్దుబాటు. మూడోసారి ఆగి నొక్కాను. చెమటలు పోశాయి. నాకు సిగ్గేసింది. తలుపు అవతల ఉన్నది నాతో నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషే అయినా, ఆ గిన్నెను అలా వదిలి బయటికి పోవడానికి నా వల్ల కాలేదు.

అప్పుడు మూలలో ఉన్న బకెట్ కనిపించింది.

ఎర్ర ప్లాస్టిక్ బకెట్. అంచు దాకా నీళ్ళు. నేను గీతలు చూడటానికి వచ్చినప్పుడల్లా అది అక్కడే ఉండేది. నేల కడగడానికేమో అనుకునేవాణ్ణి, ఒక్కోసారి అడ్డంగా ఉందని కాలితో జరిపేవాణ్ణి కూడా. ఇప్పుడు దగ్గర్నుంచి చూస్తే, దాని ఇనుప పిడికి పాత చీరగుడ్డ చుట్టి ఉంది. చెయ్యి ఒరుసుకోకుండా బాగా మందంగా, ఓపిగ్గా చుట్టి, కొసలు లోపలికి దోపి ఉంది. గుడ్డ నల్లగా, నున్నగా అయింది. ఒకటి రెండు రోజుల్లో గుడ్డ అలా కాదు.

గదిలో కుళాయి లేదు. అంటే ఉంది, నేనే కట్టేశాను. నీళ్ళ డ్రమ్ము వంటింటి వెనక గిన్నెలు తోమే చోట ఉంది. అక్కడికి పోవాలంటే మూడు మెట్లు దిగాలి. నిండిన బకెట్‌తో మూడు మెట్లు ఎక్కాలి. రోజుకు ఎన్నిసార్లో లెక్క వేయబోయి ఆపేశాను.

బకెట్ ఎత్తబోయాను. ఒంటికాలి మీద అది లేవలేదు, సగం నీళ్ళు నా కట్టు మీద పడ్డాయి. చప్పుడుకు ఆమె వచ్చి తలుపు తోసింది. గిన్నె వంక చూసింది, నా వంక చూసింది. ఆశ్చర్యపోలేదు. కర్ర తలుపుకు ఆనించి, నన్ను పక్కకు జరిపి, బకెట్ అందుకుంది. నేను వద్దంటున్నా వినలేదు. ఎడమకాలి మీద బరువు వేసుకుని, బకెట్‌ను నడుము ఎత్తుకు లేపి, మిగిలిన నీళ్ళను ఒక్కసారిగా గుమ్మరించింది. అంతా పోయింది.

"ఇట్ల ఎత్తి ఒక్క దెబ్బన పోయాల బావా" అంది. "కొంచెం కొంచెం పోస్తే పోదు."

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే నాకు నేర్పిస్తోంది. ఇంకా మూడు వారాలు నాకు ఈ పని పడుతుందని తెలిసి, తాను కనిపెట్టిన కిటుకు చెబుతోంది. నేను గోడ పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా జీవితంలో అంత చిన్నతనం నాకెప్పుడూ అనిపించలేదు.

"ఎన్ని రోజుల్నించి?" అని అడిగాను.

"నువ్వు గీతలు గీసినప్పట్నించి."

"నాకు చెప్పొచ్చు కదమ్మే?"

"మూడు తూర్లు చెప్పినా. నువ్వు మూత తీసి గీత చూపిస్తివి."

"డాక్టరు అడిగినప్పుడైనా చెప్పొచ్చు కదా?"

"నన్ను యాడ చెప్పనిస్తివి బావా?" అని, కర్ర తీసుకుని, ఖాళీ బకెట్‌తో బయటికి నడిచింది. రెండడుగులు వేసి ఆగింది. "నువ్వు చెప్తా ఉంటావే, ఆ పెద్దముడియమాయప్ప. వాళ్ళ ఆడోళ్ళు బిందెల్తో మోసినారని కూడా చెప్పినాడు కదా ఆయప్ప. నువ్వు నవ్వేటప్పుడు ఆ ముక్క వదిలేస్తావు."

నిజమే. జోకులో ఆ ముక్క అడ్డం వస్తుందని ఎప్పుడో తీసేశాను. మొదటిసారి చెప్పినప్పుడు ఆమె విన్నది, ఇరవై ఏళ్ళు గుర్తు పెట్టుకుంది.

ఆ పూటే భాయ్‌కి ఫోను చేశాను. అతను వచ్చి ట్యాంకు మూత తీసి, లోపలికి తల వంచి చూశాడు. "ఏంది సార్ ఇది, డ్యామా?" అన్నాడు. ఇసుక సీసా బయటికి తీసి, అదేదో చచ్చిన ఎలుకైనట్టు దూరంగా పెట్టాడు. తర్వాత బొటనవేలితో లోపలి గోడ మీద నా మార్కరు మసిని రుద్దాడు. దాని కింద ప్లాస్టిక్‌లోనే అచ్చు పోసిన సన్నటి గీత ఒకటి బయటపడింది.

"నీళ్ళు యాడ దాకా ఉండాల్నో చేసినోళ్ళే గీత పెట్టినారు సార్. మీరు దాని మీద గీసినారు" అన్నాడు. స్క్రూ తిప్పి ఫ్లోటును పైకి లేపుతూ, నన్ను ఓదార్చాలని కాబోలు, ఇంకో మాట చెప్పాడు. "కువైట్లో తాగే నీళ్ళు సముద్రంలోంచి తీస్తారు సార్. ఆడ కూడా ఎవురూ ఇంత కిందికి పెట్టలే."

స్టూలు మీద కాలు చాపుకుని కూర్చుని, అప్పుడు లెక్క వేశాను. నా గీతల వల్ల, నా సీసా వల్ల ఒక్కో విడతకు మిగిలింది మహా అయితే నాలుగైదు చెంబులు. ఆమె పోసింది బకెట్. మూడుసార్లు మీట నొక్కిన నీళ్ళు వేరే. నేను ఆదా మొదలుపెట్టాక మా ఇంట్లో అంతకు ముందు కంటే ఎక్కువ నీళ్ళు పోయాయి. నా గేజి మీద మాత్రం రోజూ తక్కువే కనిపించాయి. గేజి మీద కనపడని ఆ నీళ్ళన్నీ ఆమె మోకాలి మీద నడిచి వచ్చాయి.

భాయ్ కుళాయికి వాషరు వేసి వాల్వు తెరిచాడు. ట్యాంకు గీత దాకా నిండి, నీళ్ళు ఆగిన చిన్న చప్పుడు వినిపించాక ఆమెను పిలిచాను. ఆమె వచ్చి, ఒక్కవేలితో మీట నొక్కింది. మొదటి రోజు నాకు గుండె జారేట్టు చేసిన ఆ భళ్ళు మళ్ళీ వచ్చింది. ఇద్దరం నిలబడి విన్నాము. నాకు అది నష్టం చప్పుడులా వినపడలేదు. ఆమె, "ఆఁ, ఇప్పుడు పోతాది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను ఇంకేదో అంటుందని ఎదురు చూశాను. అంతే.

వాపు తగ్గడానికి రెండు నెలలు పట్టింది. డాక్టరు ఈసారి నన్ను బయట కూర్చోమని ఆమెతో ఒక్కదానితోనే మాట్లాడాడు. మళ్ళీ కోయాల్సిన పని లేదన్నాడు. ఒక ఉదయం ఆమె బీరువాలోంచి చేసంచి తీసి, నన్ను రావద్దని చెప్పి, మార్కెట్టుకు పోయింది. గంటన్నర వాకిట్లోనే కూర్చున్నాను. మలుపు దగ్గర ఆమె కనిపించినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి, దాచడానికి పేపరు విప్పాను. సంచిలో కిలో వంకాయలు ఉన్నాయి. అన్నీ ఒకే సైజువి, నిగనిగలాడుతున్నవి. "నీకు కాడలు చూడటం తెల్దు బావా" అంది.

బకెట్ మాత్రం ఇంకా ఆ మూలలోనే ఉంది. పిడికి గుడ్డ కూడా అలాగే ఉంది. ఇక అవసరం లేదు కదా, పెరట్లో పెట్టేస్తానని ఒకసారి అన్నాను.

"ఉండనీ" అంది ఆమె. "నిండుగానే ఉండనీ. నీకు కాలు బాగైంది కదా, మల్లా ఏ రోజు మూత తీస్తావో."

నేను తీయనని ఒట్టు వేయబోయాను. ఆమె నా ముఖం చూసి, వద్దులే అన్నట్టు చెయ్యి ఊపింది. నలభై ఏళ్ళలో నా ఒట్లు ఆమె చాలా చూసింది.

అందుకని ఇప్పుడు ఆ బకెట్ నింపడం నా పని. గదిలోనే కుళాయి ఉంది, వాషరు కూడా కొత్తది, తిప్పితే చాలు. కానీ నేను వంటింటి వెనక డ్రమ్ము దగ్గరికే పోతాను. మూడు మెట్లు దిగి, ముంచి, మూడు మెట్లు ఎక్కి తెస్తాను. ఆమె దీన్ని తిక్క అంటుంది. ఆ నీళ్ళను ఎవరూ వాడరు. రెండు రోజులకోసారి వాటిని మల్లెచెట్టుకు పోసి మళ్ళీ నింపుతాను. గుడ్డ చుట్టినా ఆ పిడి చేతికి కోసుకుంటుందని నాకు ఇప్పుడు తెలుసు.

ఆమె అప్పుడప్పుడు వంటింట్లోంచే అడుగుతుంది. "బావా, బకెట్లో నీళ్ళు ఉండాయా?"

ఉన్నాయని నాకు తెలుసు, పొద్దున నింపింది నేనే. అయినా కూర్చున్న చోటు నుంచి చెప్పను. లేచి పోయి, చూసి వచ్చి చెబుతాను.